దాచే దీపం, చూపే దీపం



మన ఆలంపూర్ దగ్గర కృష్ణలో కలిసే తుంగభద్ర నీళ్లు చివరికి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో పడతయి. అసొంటి సముద్రాల లోతుల్లో లాంతరు చేపలుంటయి. ప్రపంచంలో వీటివి దాదాపు 250 రకాలు. చాలావరకు 15 సెంటీమీటర్లు దాటవు. పగలు వందల మీటర్ల లోతున ఉండి, చీకటి పడ్డాక మేతకు పైకి వస్తయి.

వీటి కడుపు కింద చిన్న చిన్న దీపాలుంటయి. దారి చూసుకోవడానికేమో అనుకుంటాం. అసలు పని వేరు. కింద పొంచి ఉన్న పెద్ద చేప పైకి చూస్తే, మసక వెలుతురులో ఇది నల్లటి నీడలా కనపడతది. ఆ నీడ కనపడకుండా, పైనుంచి ఎంత వెలుతురు వస్తదో అంతే వెలిగిస్తది. అంటే ఆ దీపం దాక్కోవడానికి.

ఇప్పుడు మన సంగతి చూడండి. చదువు కోసం కర్నూలు పోయిన పిల్లవాడిని ఇంటి ఓనరు "మీరేం కులం?" అని అడుగుతాడు. పిల్లవాడు ఇంకో కులం పేరు చెప్తాడు. పంచశీలలో అబద్ధమాడరాదన్న నాలుగో శీలం తప్పినట్టేనా?

1917లో బాబాసాహెబ్ బరోడాలో ఉద్యోగానికి పోతే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. సంగతి తెలిసి కొందరు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. తర్వాత ఆయనే దాన్ని దాచకుండా రాశాడు. శీలం తప్పింది ఎవరు? తలదాచుకున్నవాడా, కర్ర పట్టినవాడా? ఆపదలో ఉన్నవాణ్ణి నిందించే ముందు, ఆపద తెచ్చినవాణ్ణి అడగాలి.

అయితే ఇది సగం మాటే. లాంతరు చేప పక్కల మీద కూడా దీపాలుంటయి. వాటి వరస ఒక్కో రకానికి ఒక్కో తీరు. తోటి చేపలను గుర్తుపట్టడానికి అవి పనికొస్తాయని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. దాక్కునే జీవి కూడా తనవాళ్ల నుంచి పూర్తిగా దాక్కోదు. మనల్ని మనం గుర్తుపట్టే దీపం కులం కాదు, ధమ్మం.

చేప సముద్రాన్ని మార్చలేదు. మనిషి మార్చగలడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది పట్టపగలు, అందరి ముందు ధమ్మం స్వీకరించింది అందుకే.

కాబట్టి దాచుకోక తప్పని పిల్లవాడిని తప్పుపట్టకండి. కానీ ఉద్యోగం, సొంత ఇల్లు ఉండి కూడా ఇంకా దాచుకుంటున్నామా? అది మనల్ని మనమే అడగాలి. మీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే, కులం అడగకుండా ఇవ్వండి. అక్కడ ఒక పిల్లవాడికి అబద్ధం చెప్పే పని తప్పుతది.

నమో బుద్ధాయ!