మద్దెల నిజముగా ఓడైనచో?

“ఆడలేక మద్దెల ఓడు” అని మన పెద్దలు చెప్పుదురు. తన లోపమును పనిముట్టుపైకి నెట్టువానిని ఎగతాళి చేయు సామెత ఇది. ఇందు సత్యము లేకపోలేదు. కాని, మద్దెల నిజముగా ఓడై యున్నచో? ఆ ప్రశ్ననే జీవితవృత్తిగా స్వీకరించిన ఆచార్యు డొకడుండెను.

ఆల్ఫోన్స్ చపానిస్ (1917–2002) అమెరికా దేశపు మనోవిజ్ఞాన శాస్త్రవేత్త. రెండవ ప్రపంచయుద్ధకాలమున వైమానికదళ ప్రయోగశాలలో పనిచేసెను. ఆ దినములలో బి-17 విమానములు క్షేమముగా నేల దిగిన పిమ్మట, కొందరు వైమానికులు రెక్కల పలకలను ముడువబోయి చక్రములను ముడుచుచుండిరి. విమానము పొట్టపై కూలబడుచుండెను. దీనికి “వైమానికుని పొరపాటు” అని పేరు. చపానిస్ పోయి చూడగా, రెండు మీటలును ప్రక్కప్రక్కనే, ఒకే పోలికతో ఉన్నవి. అతడు చక్రముల మీటకు చిన్న రబ్బరు చక్రమును, పలకల మీటకు కోణాకారపు ముక్కను తగిలింపజేసెను. ఏది ఏదియో చేతి స్పర్శకే తెలిసినది. నేటికిని విమానములలో ఆ మీటకొన చక్రాకారముననే యుండును.

యుద్ధానంతరము జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఆయన దశాబ్దముల తరబడి బోధించెను. 1949లో ఇద్దరు సహచరులతో కూడి ఈ శాస్త్రమునకు తొలి పాఠ్యగ్రంథములలో నొకదానిని రచించెను. 1959లో వంటపొయ్యిని పరీక్షకు తీసికొనెను. నాలుగు పొయ్యిలకు నాలుగు మీటలు. ఏ మీట దేనిది? మీటల వరుసకు పొయ్యిల వరుస సరిపోవునట్లు అమర్చినచోట పొరపాటే రాలేదు. తక్కిన అమరికలలో జనులు తడబడిరి. మన యిండ్లలో తప్పు మీట త్రిప్పిన కోడలిని “పరధ్యానము” అని ఎన్నిమారులు మందలించితిమో!

దోణిమలై వాసులమైన మనకు ఇది దూరపు ముచ్చట కాదు. హైదరాబాదు కేంద్రముగాగల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1977 నుండి ఈ కొండలపై ఇనుపరాయి తీయుచున్నది. ఆ కొలువులతోనే మన కుటుంబములనేకము ఇచ్చట స్థిరపడినవి. మనిషి యెత్తును మించిన చక్రములు గల డంపరుపై కూర్చున్నవానికి, బండి దాపున కొంత నేల కన్నులకే ఆనదు. రాత్రి షిఫ్టు చివర నిద్ర ముంచుకొనివచ్చును. అట్టివాడు పొరపడినప్పుడు “అజాగ్రత్త” అను ఒక్కమాటతో విచారణ ముగించుట సులభము. కాని, మరునాడు అదే ఆసనమున మరొకడు కూర్చుండును. మొదటివాని శిక్ష రెండవవానికి చూపు నిచ్చునా?

“ఇట్లు తలచిన ప్రతివాడును తప్పించుకొనడా?” అని మీరడుగవచ్చును. న్యాయమైన శంకయే. త్రాగి బండి నడిపినవానిని, తెలిసి నియమము మీరినవానిని ఈ శాస్త్రము సమర్థింపదు. వ్యాకరణమున కర్త వేరు, కరణము వేరు. అయినను, కరణమును ఆ రూపమున నిర్మించినవాడును ఒక కర్తయే కదా! బాధ్యత ఇచ్చట నశింపదు, పంచుకొనబడును. మీట త్రిప్పినవాని పాలు కొంత, మీట నమర్చినవాని పాలు కొంత.

శిక్షించుటకు పూర్వము చూచుట ధర్మము. ఇంట బిడ్డ పాలగ్లాసు ఒలికించినప్పుడైనను, చేయెత్తుటకు ముందు ఆ గ్లాసును బల్ల అంచున నుంచినదెవరో అడిగికొందము. ఆ ప్రశ్నకు పలుమారులు మన పేరే జవాబుగా వచ్చును.