అడ్డొస్తే ఆగే బండి

పిల్లలు సెలవుల్లో చేసుకునే చిన్న రోబో బండిని మీరు చూసే ఉంటారు. రెండు మోటార్లు, కాసిని బ్యాటరీలు, ముందువైపు రెండు కళ్లలా కనిపించే అల్ట్రాసోనిక్ సెన్సర్. చూపుతో దానికి పని లేదు. ఒక కన్ను మన చెవికి అందని శబ్దాన్ని పంపుతుంది, రెండోది ప్రతిధ్వనిని వింటుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి, అది వెళ్లి రావడానికి పట్టిన సమయంతో గోడ ఎంత దూరమో లెక్క తేలుతుంది. మరీ దగ్గరైతే బండి ఆగి, పక్కకు తిరుగుతుంది.

ఇదే బండిని చంద్రుడి మీద వదిలితే? అక్కడ గాలి లేదు, ప్రతిధ్వనీ రాదు. అందుకే 2023లో చంద్రయాన్-3తో వెళ్లిన 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్‌కు దారి చూడడానికి కెమెరాలు అమర్చారు. రెండు కెమెరాల చిత్రాలను కలిపి చూస్తే నేల ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఆగస్టు 27న దానికి 3 మీటర్ల ముందు, 4 మీటర్ల వెడల్పున్న గొయ్యి కనిపించింది. వెనక్కి మళ్లమని ఇస్రో ఆదేశమిచ్చింది. రోవర్ వచ్చిన దారినే తిరిగి, కొత్త దారి పట్టింది. దాని నడక సెకనుకు ఒక సెంటీమీటరే! ఆ నిదానం నాకెంతో ఇష్టం. బోల్తాపడితే లేవనెత్తే చెయ్యి అక్కడ లేదు కదా.

మీ ఇంట్లో పిల్లల బండి గోడ దగ్గర ఆగి, కర్టెన్‌లోకి మాత్రం దూసుకుపోతే కోప్పడకండి. మెత్తటి గుడ్డ శబ్దాన్ని చాలావరకు పీల్చేసుకుంటుంది. ఆ సంగతి ముందే చెప్పేయకుండా, వాళ్లనే కనిపెట్టనివ్వండి.