అడగకుండా వేసిన దారి

కెనడాలో వాంకూవర్ నగరానికి ఉత్తరాన, సముద్రపు పాయకు అవతల సైప్రస్, ఫ్రోమ్, సీమోర్ కొండలున్నాయి. అక్కడ వాన ఎక్కువ, అడవి నేల ఎప్పుడూ తడితడిగానే ఉంటుంది. 1980లలో మౌంటెన్ సైకిళ్లు వచ్చాక కొందరు పారలు, రంపాలు పట్టుకెళ్లి, ఎవరి అనుమతీ లేకుండా ఆ అడవుల్లో దారులు వేశారు. బురద ఉన్నచోట సెడార్ మొద్దులు చీల్చి, పలకలు దగ్గరదగ్గరగా పరిచి, నిచ్చెనను పడుకోబెట్టినట్టుండే వంతెనలు కట్టారు. ఆ పనితనం చూసి ఇతర దేశాలవాళ్లూ నేర్చుకున్నారు. 1997లో సైకిలిస్టులు సంఘం పెట్టుకున్నారు. నాటి దొంగచాటు దారుల్లో చాలావాటిని ఇప్పుడు అనుమతితోనే బాగుచేస్తున్నారు.

మరి చివరికి మంచే జరిగింది కనుక మొదట చేసిన పనీ మంచిదేనా? ఈ వాదంలో ఒక లొసుగు ఉంది. నిలిచిన దారులే మన కంటికి కనిపిస్తాయి, కోసుకుపోయిన వాలులను ఎవరూ లెక్కలో వేయరు.

కోత ఎలా మొదలవుతుందో చూద్దాం. వాలు వెంట నిటారుగా దిగే దారి వాననీటికి కాలువైపోతుంది. ముందు ఆకుల పొర, తర్వాత నల్లమట్టి కొట్టుకుపోయి వేళ్లు తేలతాయి. వేళ్లను తప్పించుకోవాలని సైకిళ్లు పక్కనుంచి వెళ్తాయి, దారి ఇంకా వెడల్పవుతుంది. అందుకే దారి వాలు కొండ వాలులో సగానికి మించకూడదని ఈ పని తెలిసినవాళ్లు అంటారు. అలాగని నేరమంతా చక్రానిదే అనలేం. అమెరికాలోని మోంటానాలో చేసి 1994లో ప్రచురించిన పరిశోధనలో సైకిళ్లకంటే గుర్రపు డెక్కలే ఎక్కువ మట్టిని వదులు చేశాయి. ఒరెగాన్‌లోని స్టార్కీ అడవిలో ఎల్క్ దుప్పులు సైకిలిస్టులకే కాదు, నడిచేవాళ్లకూ దూరంగా జరిగాయి. కనుక అసలు ప్రశ్న వాహనం గురించి కాదు, దారి ఎక్కడ వేయాలో ఎవరు తేల్చాలన్నది.

ప్రభుత్వమే తేల్చాలని చట్టం అంటుంది. కానీ ఆ ప్రభుత్వం ఎవరిని అడిగింది? వాంకూవర్ దగ్గరి ఆ కొండలు స్క్వామిష్, స్లేల్‌వాటుత్ ఆదివాసీ ప్రజల పూర్వీకుల నేల. అయితే ఈ వాదం దారి వేసేవాడికి అనుకూలం అనుకోకూడదు. అతను అడగవలసినవాళ్ల జాబితాకు అది మరికొందరిని చేరుస్తుంది, అంతే.

నలుగురికీ చెప్పి చేయలేని పని, ఇతరుల హక్కులతో ముడిపడినదైతే, న్యాయం కాదని తత్వవేత్త కాంట్ 1795లో రాశాడు. మనకు ఇక్కడ పనికొచ్చే పరీక్ష ఇదే. దారి మొదలు రోడ్డు మీదికి కనిపించకుండా కొమ్మలు కప్పేవాడికి తను దాస్తున్నదేమిటో తెలుసు. ఈ పరీక్ష అవతలివైపుకూ వర్తిస్తుంది. ఫ్రోమ్ కొండ మీద సైకిల్ దారులకు అడ్డంగా దుంగలు పెడుతున్నారని 2015లో పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. ఉద్దేశం ఏదైనా, వేగంగా దిగే మనిషి మెడ విరిగేలా చేసే పనిని ఏ సభలోనూ సమర్థించుకోలేం.

ఆ వంతెనలు కట్టిన చేతుల నైపుణ్యాన్ని మెచ్చుకుందాం, చాటుగా కట్టడాన్ని మాత్రం మెచ్చుకోలేం. అయితే దరఖాస్తు పెట్టినవాళ్లను ఏళ్ల తరబడి తిప్పించుకునే ఆఫీసు ఎక్కడున్నా, ఈ తప్పులో దానికీ వాటా ఉంది.