ఓర్చుకునే ప్రాణి

ఓర్చుకోగలిగిన ప్రాణిని ఎంతవరకు కష్టపెట్టవచ్చు? ఈ ప్రశ్న నాకు వేదాంత గ్రంథాల్లో ఎదురుకాలేదు. మా ఇంటి ఉప్పునీటి అక్వేరియం దగ్గర ఎదురైంది.

సముద్రపు జీవాలను ఇంట్లో పెంచేవారిలో కొందరు పగడాలు కూడా పెడతారు, కొందరు చేపలతోనే సరిపెట్టుకుంటారు. రెండో పద్ధతి సులువంటారు. చేప మొప్పల గుండా వదిలేదీ, తినగా మిగిలి కుళ్లేదీ నీటిలో అమ్మోనియా అవుతుంది. అది విషం. రాళ్లలో, ఇసుకలో కుదురుకున్న బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. ఈ నైట్రేటు పెరిగితే చాలా పగడాలకు గిట్టదు. చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి. అందుకే, 'చేపలే కదా, ఫరవాలేదు' అనే మాట పుట్టింది.

నా పేచీ ఆ 'ఫరవాలేదు'తోనే.

నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. నీరు తేటగానే కనిపిస్తుంది. బ్యాంకు ఉద్యోగిని కనుక లెక్క చెబుతాను. వారానికి లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున నైట్రేటు చేరే తొట్టిలో, వారం వారం ఐదోవంతు నీరు మారుస్తున్నామనుకోండి. పోసే నీటిలో నైట్రేటు బొత్తిగా లేకపోయినా, కొన్నాళ్లకు అది మార్చేముందు 50, మార్చాక 40 దగ్గర నిలుస్తుంది. క్రమం తప్పనంత మాత్రాన బాకీ తీరదు. తీరాలంటే తిండి తగ్గించాలి, చేపల సంఖ్య తగ్గించాలి, లేదా ఇంకా ఎక్కువ నీరు మార్చాలి.

'డబ్బిచ్చి కొన్నాను, నా ఇష్టం' అనేవారున్నారు. సముద్రంలో నీరు పడకపోతే చేప మరోచోటికి ఈదిపోతుంది. ఇక్కడ ఆ దారి మూసింది మనమే. 'చేతకాకపోతే సముద్రంలో వదిలేస్తే సరి' అనేవారూ ఉన్నారు. మన హిందూ మహాసముద్రంలోనూ, పసిఫిక్‌లోనూ పుట్టిపెరిగే లయన్‌ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన కనబడింది. అక్వేరియాల నుంచి వదిలినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అంచనా. అది అక్కడి చిన్న చేపల్ని తింటూ విస్తరించింది. అసలు పెంచకపోవడమే మేలంటే నేను కాదనను. కాని, ఇప్పటికే ఇంటికి తెచ్చుకున్నవాడికి ఆ జవాబు చాలదు.

చేప అరవదు. అలిగి మాట్లాడటం మానదు. మనుషుల్లోనూ ఇంతే. ఇంట్లో నోరెత్తని కోడలికీ, ఆఫీసులో కాదనలేని గుమాస్తాకీ పని పెరిగేది ఈ న్యాయం ప్రకారమే. ఓర్పు ఓర్చేవాడి గుణం. దాన్ని మన హక్కు కింద జమ కట్టుకోవడం తప్పుడు పద్దు.

కాబట్టి పరీక్షలో 40 కనబడినప్పుడు, 'బతికే ఉంది కదా' అని ఊరుకోకుండా, 'ఇంకెంత తగ్గించగలను?' అని అడగాలి. ఆ ప్రశ్న చేప అడగలేదు గనక మనమే అడగాలి.