ఏడు మార్కుల దయ

మా వీధిలోకి రోజూ పొద్దున్నే కూరల బండి తోసుకుంటూ ఒకావిడ వస్తుంది. బడి లేని రోజుల్లో ఆవిడ వెనకాలే ఏడో తరగతి చదువుతున్న కొడుకూ వస్తాడు. తూకం తల్లిది, లెక్క కొడుకుది. ఆ మధ్య ఒక ఆదివారం ముప్పావు కిలో బెండకాయలు తీసుకుని రెండొందల నోటు ఇచ్చాను. కిలో 60 రూపాయలు. ముప్పావంటే ఎంతా అని నేనింకా వేళ్ళు మడుస్తూ వుండగానే, "అరకిలో ముప్ఫై, పావు పదిహేను, నలభై అయిదండీ" అంటూ 155 రూపాయలు నా చేతిలో పెట్టేశాడు.

"భలేవాడివిరా!" అన్నాను. తల్లి మొహం చాటంత అయింది. "బళ్ళో కూడా వీడికి అన్నీ రైట్లేనమ్మా! పుస్తకం చూపించరా అమ్మగారికి" అంది.

చూపించాడు. నిజమే, పేజీ పేజీకీ ఎర్ర సిరాతో టిక్కులు. కానీ ఒకచోట నా చూపు ఆగిపోయింది. 618ని 6తో భాగిస్తే 13 అని వుంది. పక్కన నిండుగా ఒక టిక్కు. నాకు పదమూడో ఎక్కం సరిగ్గా రాదుగానీ, ఆరు పదమూళ్ళు ఆరొందలు దాటవని మాత్రం తెలుసు.

"బెండకాయల లెక్క చటుక్కున చెప్పేశావు. మరి ఇదేమిట్రా?" అన్నాను.

"అది బేరమండీ. ఇది లెక్క" అన్నాడు, ఏమీ తెలియనిదానికి చెప్పినట్టు.

ఇంతలో తల్లి, "ఎలా వుందమ్మా వాడి చదువు?" అంది. ఆవిడ కళ్ళలో ఆశ చూస్తూ నాకు నోరు రాలేదు. "చాలా బాగుంది" అనేసి లోపలికి వచ్చేశాను.

వచ్చానేగానీ ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఒక తల్లిని సంతోషపెట్టడానికి ఆడిన చిన్న అబద్ధం. ఎవరికి నష్టం? అలా సర్దిచెప్పుకోబోతుంటే మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు.

తొమ్మిదో తరగతి పెద్దపరీక్షల్లో నాకు లెక్కల్లో 35 మార్కులు వచ్చాయి. సరిగ్గా పాసు మార్కులు! మా అమ్మ సత్యనారాయణ స్వామికి కొబ్బరికాయ కొట్టింది. చాలా ఏళ్ళకి, నా పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి మాస్టారింటికి వెళ్ళినప్పుడు ఆయన పకపకా నవ్వుతూ అసలు సంగతి చెప్పారు. "నీకు వచ్చినవి 28 అమ్మా. మిగతా ఏడూ నేనే వేశాను. ఆడపిల్లవి, ఫెయిలైతే మీ నాన్న చదువు మానిపించేస్తాడని." నేనూ నవ్వి, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చాను.

ఆయన అన్నది అబద్ధం కాదు. మా ఊళ్ళో తొమ్మిదో తరగతి తప్పిన ఆడపిల్లలు మళ్ళీ బడి గుమ్మం తొక్కడం నేను చూడలేదు. ఆ ఏడు మార్కులే లేకపోతే నేను బి.ఏ. చదివేదాన్ని కాదు. ఈ నవలలూ రాసేదాన్ని కాదేమో.

మరి రెండో పక్క కూడా చెప్పుకోవాలి కదా! పాసయ్యాను కాబట్టి నాకు వచ్చనే అనుకున్నారంతా. పదో తరగతిలో లెక్కల్ని పద్యాల్లా బట్టీపట్టి గట్టెక్కాను. ఆ తర్వాత లెక్కల వాసన లేని గ్రూపు వెతుక్కున్నాను. బ్యాంకు అప్పు మీద వడ్డీ ఎంతవుతుందో ఈనాటికీ మా వారినే అడుగుతాను. అదీ ఫరవాలేదు. మా అమ్మాయి అయిదో తరగతిలో వుండగా భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు ఎందుకు తిరగెయ్యాలని అడిగింది. "అమ్మకి లెక్కలు రావే తల్లీ" అన్నాను ముద్దుగా. నెల తిరక్కుండా అది తక్కువ మార్కులు తెచ్చుకుని, "మనింట్లో ఆడవాళ్ళకి లెక్కలు రావు కదమ్మా!" అంది. మాస్టారు దాచిన ఏడు మార్కులకీ వడ్డీ ఎక్కడ చేరిందో అప్పుడు తెలిసింది నాకు.

ఇది నా ఒక్కదాని కథే అయితే మీకు చెప్పేదాన్ని కాదు. ప్రథమ్ సంస్థవాళ్ళు దేశమంతా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 'అసర్' అనే సర్వే చేస్తారు. 2024 సర్వేలో, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు అయిదో తరగతిలో నూటికి సుమారు 31 మంది. పోనీ పెద్ద తరగతుల్లో నేర్చుకుంటున్నారా అంటే, ఎనిమిదో తరగతిలోనూ సుమారు 46 మందే. అంటే మా కూరలబండి కుర్రాడు ఒంటరివాడేం కాదు.

వాడన్న "అది బేరం, ఇది లెక్క" కూడా తీసిపారేసే మాట కాదు. నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో మరికొందరితో కలిసి కలకత్తా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని పరీక్షించారు. ఆ సంగతులు 2025లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. బేరంలో నోటితో లెక్క తేల్చే ఆ పిల్లలు, బడిలో అడిగే పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారట. బజారు ఎరగని బడిపిల్లలేమో కాగితం మీద నయమనిపించి, బేరం దగ్గర బోర్లాపడ్డారట. తెలివి రెండు చోట్లా వుంది. రెండింటికీ మధ్య వంతెన వేసేవాళ్ళే లేరు.

ఇక పెద్దల వాదాలున్నాయి. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఫెయిలు చెయ్యకూడదంది. పిల్లలు చదవడం మానేశారని గోల పుట్టి, 2019లో చట్టం మార్చి, అయిదులోనూ ఎనిమిదిలోనూ ఆపాలనుకుంటే ఆపుకోమన్నారు. పాసు చెయ్యాలా, ఫెయిలు చెయ్యాలా? నన్నడిగితే రెండూ గుమ్మం దగ్గర తగువే. ఒకరు పిల్లవాణ్ణి పై గదిలోకి తోస్తారు, ఇంకొకరు ఇదే గదిలో వుంచి తలుపేస్తారు. వాడికి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ పక్కన కూర్చునేదెవరు?

కాబట్టి నేను మాస్టారిని తప్పుపట్టను. ఆ ఏడు మార్కులూ వెయ్యవలసినవే. కానీ ఆ రోజే నన్ను పిలిచి, "ఇవి నీకు బహుమానం కాదమ్మా, అప్పు. సెలవుల్లో వచ్చి తీర్చు" అని వుంటే ఎంత బాగుండేది! దయలో తప్పు లేదు. దాచడంలో వుంది. అసలు నిజం చెప్పడమంటే ఆ తర్వాత కాస్త శ్రమపడాలి. అబద్ధానికి ఆ బాధ లేదు, ఒక్క టిక్కు చాలు. మనం దయ అనుకునే వాటిలో బద్ధకం పాలెంతో ఎవరికి వాళ్ళం తూచుకోవలసిందే.

తర్వాతి ఆదివారం బండి ఆపి, "పోయినవారం నేను అబద్ధం చెప్పాను. మీవాడి లెక్క తప్పు" అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. ఒక్క నిమిషం ఆగి, "తప్పయితే తప్పని చెప్పొద్దామ్మా? తూకంలో తేడా వస్తే మీరు ఊరుకుంటారా?" అంది. నాకు చెంప ఛెళ్ళుమంది.

కుర్రాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టాను. "ఆరొందల పద్దెనిమిది రూపాయలు ఆరుగురికి పంచు" అన్నాను. "తలో వందండీ. మిగిలిన పద్దెనిమిదీ తలో మూడు. నూట మూడండీ" అన్నాడు, క్షణంలో. "మరి పుస్తకంలో పదమూడెందుకు వచ్చింది?" ఇద్దరం ఆ లెక్క మీదికి వంగాం. నాకూ పట్టుకోవడానికి పావుగంట పట్టింది సుమండీ! వందలు పంచాక, ఒకే ఒక్క పదుంది. దాన్ని ఆరుగురికి పదుల్లో పంచలేం. పంచలేనప్పుడు ఆ చోట సున్నా రాయాలి. వాడు రాయలేదు. ఏమీ లేదు కదా అని వదిలేశాడు. ఆ వదిలేసిన సున్నాకే నూట మూడు కాస్తా పదమూడయి కూర్చుంది.

ఇక్కడ ఏమీ రాలేదని ఒప్పుకుంటూ రాసే గుర్తే కదా సున్నా! నా తొమ్మిదో తరగతిలోనూ ఎవరో ఒకరు అది రాసి వుండవలసింది.

వాడు తన చేత్తోనే 13 కొట్టేసి 103 అని రాశాడు. తర్వాత ఆ పాత టిక్కు వంక చాలాసేపు చూసి, "మరి సారు రైటెందుకు పెట్టారండీ?" అన్నాడు.

నిన్న మొన్నటిదాకా నేనూ పెట్టాను కదా. "తర్వాతి లెక్క చూద్దాం రా" అన్నాను.