చర్మమూ సాక్షే

గౌతముడి న్యాయసూత్రాల్లో మూడో అధ్యాయం ఆత్మను నిరూపించడంతో మొదలవుతుంది. అక్కడి మొదటి యుక్తి వినడానికి ఎంతో తేలిక. ఒక వస్తువును కంటితో చూస్తాం. కాసేపటికి చీకట్లో దాన్నే తడిమి, ఇందాక నేను చూసింది ఇదే అంటాం. కన్ను దాన్ని తాకలేదు, చర్మం దాన్ని చూడలేదు. అయినా రెండూ ఒకటేనని తేల్చినవాడు లోపల ఒకడున్నాడు. ఆ తేల్చినవాడు కన్నూ కాదు, చర్మమూ కాదు గనక ఆత్మే అయ్యుండాలంటాడు గౌతముడు.

రాజమండ్రిలో మా నాన్నగారు పిల్లలకి ఆ న్యాయశాస్త్రానికి తొలిపాఠంగా తర్కసంగ్రహం చెప్పేవారు. దాన్ని రాసిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు తెలుగువాడని చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త పెరిగేది. నేను ఎలక్ట్రానిక్స్ చదివి, కెనడాలోని సస్కటూన్ వచ్చి, ఆసుపత్రి యంత్రాలు తనిఖీ చేసి బాగుచేసే పనిలో స్థిరపడ్డాను. ఆ తర్కం ఇక్కడ నాకు అవసరపడుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. కానీ యంత్రాల మీద బటన్లు పోయి అద్దంలాంటి తెరలు వస్తున్నకొద్దీ, గౌతముడి యుక్తికి ఆధారమైన అనుభవమే మన చేతుల్లోంచి జారిపోతోందని నాకు అనిపిస్తోంది.

స్పర్శ మూడే రకాలంటాడు అన్నంభట్టు: చల్లనిది, వేడిది, రెండూ కానిది. ఇంత తక్కువేమిటని చిన్నప్పుడు అడిగేదాన్ని. మిగతావి చర్మం ఒక్కదాని సొత్తు కావమ్మా అనేవారు నాన్నగారు. ఎన్ని ఉన్నాయి, ఎంత పెద్దది, అంటుకుని ఉందా విడిగా ఉందా అన్నవి కంటికీ చర్మానికీ ఉమ్మడి. కారులో వేడి పెంచే గుండ్రటి నాబ్ ఈ ఉమ్మడి గుణాలతోనే బతుకుతుంది. పగలు కన్ను చూసిన దాని గుండ్రదనం, దాని పక్కన రెండోది ఉండడం, ఒక్కో మెట్టూ టక్కుమని తిరగడం, ఇవన్నీ రాత్రి వేలికి మళ్లీ దొరుకుతాయి. తెర మీది నాబ్ బొమ్మ కంటికి గుండ్రమే. వేలికి మాత్రం అద్దం అన్నిచోట్లా ఒకటే. వేలు దగ్గరికి రాగానే గాజు కింది విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పట్టుకుని తెర మన వేలిని గుర్తిస్తుంది. వేలికి దాన్ని గుర్తించే దారి లేదు. ఇద్దరు సాక్షులు చెప్పవలసిన సంగతి ఒక్క సాక్షికి మిగిలింది.

ఇది మాటల గారడీ కాదని జనవరిలో సస్కటూన్ నుంచి హైవే 11 మీద రెజైనా వైపు వెళ్లినవారికి తెలుస్తుంది. బయట మైనస్ ముప్ఫై. నేలబారుగా మంచు రోడ్డును అడ్డంగా కోస్తూ పోతుంటుంది. మన ఊపిరికే ముందద్దం లోపలివైపు మసకబారుతుంది. అప్పుడు కావలసింది అద్దం మీదికి వేడిగాలి కొట్టే మీట ఒక్కటే. చేతికి చలిగ్లౌజు ఉంటుంది. మామూలు ఉన్ని, తోలు గ్లౌజును చాలా తెరలు గుర్తించవు. గ్లౌజు పంటితో లాగి, రోడ్డు మీంచి చూపు తిప్పి, ఒక పేజీలోంచి ఇంకో పేజీకి వెళ్లి ఆ బొమ్మ వెతకాలి. 2022లో స్వీడన్ కార్ల పత్రిక వీ బీలెగరె ఒక పరీక్ష పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు మామూలు పనులు చెయ్యమంది. 2005 నాటి బటన్ల వోల్వోకు పది సెకన్లు పట్టింది. అన్నిటికంటే వెనకబడ్డ కొత్త కారుకు దాదాపు నలభై అయిదు సెకన్లు పట్టింది; అంతలో అది 1,372 మీటర్లు పోయింది.

నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్లు, మనస్సు అణువంతటిదంటారు. ఒక్క క్షణంలో ఒక్క ఇంద్రియంతోనే కలుస్తుంది, అందుకే రెండు జ్ఞానాలు ఒకేసారి పుట్టవు. అలాగైతే నాబ్ తడిమినా మనస్సు రోడ్డు వదిలినట్టేగా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. వదులుతుంది, నిజమే. కానీ కన్ను మాత్రం రోడ్డు మీదే ఉంటుంది, చర్మం దగ్గరికి వెళ్లిన మనస్సు తిరిగి రావడానికి అక్కడ చోటుంటుంది. తెర అయితే మనస్సుతోపాటు కన్నునీ పట్టుకుపోతుంది. అలవాటు వల్ల చేతిలో నిలిచిన సంస్కారం నాబ్ విషయంలో పని సగం తానే చేస్తుంది. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా చోటు మార్చే బొమ్మ దగ్గర ఆ సంస్కారం దేన్ని పట్టుకుని నిలవాలి?

నన్ను నిజంగా కలవరపెట్టేది మాత్రం కారు కాదు, థెరాక్-25. కోబాల్ట్-60తో క్యాన్సర్ చికిత్స 1951లో ఈ దేశంలోనే మొదలైంది; ఆ తొలి యంత్రాల్లో ఒకటి మా సస్కటూన్‌లో హెరాల్డ్ జాన్స్ బృందం కట్టింది. ఆ చికిత్సకు పేరున్న దేశంలో, ప్రభుత్వ సంస్థ అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ తయారుచేసిన రేడియేషన్ యంత్రం థెరాక్-25. అంతకుముందరి థెరాక్-20లో, అమరిక తప్పితే కిరణాన్ని ఆపడానికి విడిగా సర్క్యూట్లూ యాంత్రికమైన ఇంటర్‌లాక్‌లూ ఉండేవి. కొత్తదానిలో ఆ కాపలా చాలావరకు సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. 1985 జూన్ నుంచి 1987 జనవరి లోపల ఆరుగురు రోగులకు ఘోరమైన మోతాదు తగిలింది.

1985 జులైలో ఒంటారియోలోని హామిల్టన్‌లో చికిత్స మధ్యలో యంత్రం ఆగింది. మోతాదు ఏమీ వెళ్లలేదని తెర చెప్పింది. ఆపరేటర్ కొనసాగించమనే కీ నొక్కారు. మళ్లీ ఆగింది, మళ్లీ నొక్కారు. అలా మొదటిదాని తర్వాత ఇంకో నాలుగుసార్లు. ప్రతిసారీ తెరది అదే మాట. బల్ల మీద పడుకున్న ఆవిడ తన తుంటి దగ్గర మంట, కరెంటు తగిలినట్టు జివ్వుమంటోందని చెప్పారు. ఒక విడతకు మామూలుగా ఇచ్చే రేడియేషన్ 200 రాడ్ల చుట్టుపక్కల. ఆవిడకి 13,000 నుంచి 17,000 రాడ్ల దాకా పడి ఉంటుందని తర్వాత లెక్కగట్టారు. మరుసటి మార్చిలో టెక్సస్‌లోని టైలర్‌లో ఇంకో రోగికి ఒంటి మీద వేడి కాఫీ పోసినట్టయింది. తెర మీద మాల్‌ఫంక్షన్ 54 అన్న అక్షరాలు, మోతాదు తక్కువ పడిందన్న సూచన. ఆ రోజు గదిలోకి చూపించే వీడియో తీగ ఊడి ఉంది, లోపలి మాట వినిపించే సాధనం పాడై ఉంది. కీ మళ్లీ నొక్కారు.

అది టచ్‌స్క్రీన్ కాదు, కీబోర్డు. ఆ తేడా నాకు తెలుసు. కానీ అక్కడా జరిగింది తెరకూ చర్మానికీ మధ్య పోట్లాటే. తర్కశాస్త్రం లెక్కలో ఆ తెర ఇచ్చింది శబ్దప్రమాణం, అంటే ఒకరు చెప్తే నమ్మే జ్ఞానం. అది చెల్లాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి, సంగతి ఉన్నదున్నట్టు ఎరిగి ఉండాలి. ఆ తెర ఎరగదు. ఎరిగింది రోగి చర్మం. మూడు రకాల స్పర్శల్లో వేడి అనేదాన్ని అది ప్రత్యక్షంగా పట్టుకుంది, నోరు విప్పి చెప్పింది కూడా. ప్రత్యక్షం ఒకటి చెప్తుంటే, శబ్దం ఇంకొకటి చెప్తుంటే, గదంతా శబ్దం వైపు నిలబడింది.

ఆ కీ నొక్కినవారిని పాపం వెంటాడుతుందా అని ఒకసారి ఫోన్లో నాన్నగారిని అడిగాను. ఆయన తర్కసంగ్రహానికి అన్నంభట్టు తానే రాసుకున్న వ్యాఖ్య, దీపిక దగ్గరికి వెళ్లారు. కర్త ఎవరో అక్కడ నిర్వచించి ఉంది: చేసే పనికి సామగ్రి ఏదో ప్రత్యక్షంగా తెలిసి, చెయ్యాలన్న కోరిక ఉండి, ప్రయత్నం చేసేవాడు కర్త. ఆ ఆపరేటర్లకు మంచి చేద్దామన్న కోరిక ఉంది, ప్రయత్నం ఉంది. మొదటిది వారి దగ్గర్నుంచి తీసేశారు, అందుచేత వారు పూర్తి కర్తలు కారు అన్నారు నాన్నగారు. ఆ ఖాళీ అయిన కర్తృత్వం ఎటు పోయిందో ఆయన చెప్పలేదు. నా మట్టుకు, తెలుసుకునే దారి ఎవరు మూసేశారో అది వారి దగ్గరికే పోయిందంటాను. టైలర్‌లో ప్రమాదం తెచ్చిన సాఫ్ట్‌వేర్ లోపమే థెరాక్-20లోనూ ఉందని తర్వాత బయటపడింది. అక్కడ విడి కాపలా ఉండడంతో ఫ్యూజులు పోయాయి, మనుషులకు హాని జరగలేదు.

ఈ కాలపు నాబ్ కూడా లోపల ఒక సంకేతం పంపేదే కదా, అది మాత్రం ఇంజను సంగతి ఏం చెప్తుందని మా వర్క్‌షాపులో కుర్రాళ్లు అడుగుతారు. సరైన ప్రశ్న. యంత్రం ఏం చేసిందో నాబ్ చెప్పలేదు. నేనేం చేశానో చెప్తుంది. ఎంత తిప్పాను, ఎక్కడ ఆపాను అన్నది నా వేలికి ప్రత్యక్షం. తెరకు ఇవ్వవలసింది ఇస్తాను: పటం, రోగి వివరాలు, పంజాబీలోనో క్రీ భాషలోనో ప్రశ్నలు అడగడం, ఇవన్నీ అద్దం మీద ఉండడమే మేలు. కూర్చుని, చూసి, ఆలోచించి చేసే పనులవి. కానీ రోగి పక్కన నిలబడి రేడియేషన్ బల్లను కదిపేటప్పుడు ఇప్పటికీ చేతిపట్టునే వాడతారు. దాని పక్కనున్న మీట నొక్కిపట్టి ఉంచినంతసేపే బల్ల కదులుతుంది, వదిలితే ఆగిపోతుంది. ఎమర్జెన్సీ స్టాప్ ఎర్రటి పుట్టగొడుగులా గోడ మీద పొడుచుకొచ్చి ఉంటుంది. నేను తనిఖీకి వెళ్లినప్పుడు ముందు దాన్నే నొక్కి చూస్తాను. కొత్త పరికరం కొనేముందు మమ్మల్ని అడిగితే నా ప్రశ్న ఒకటే: చూసే తీరిక లేనప్పుడు చెయ్యవలసిన పని దీనిలో ఏది, అది వేలికి దొరుకుతుందా?

కార్లకు అలాంటి ప్రశ్న యూరప్ వేసింది. 2026 నుంచి యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో పూర్తి మార్కులు కావాలంటే ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు, ఈ అయిదింటికీ తాకి పట్టుకోగల మీటలో బటన్లో ఉండాలి. ఆ జాబితాలో ముందద్దం మీదికి వేడిగాలి కొట్టే బటన్ లేదు. సస్కచెవాన్‌లో కూర్చుని రాసి ఉంటే దాన్నే మొదట రాసేవారు. ఇక్కడ మనం అడగవలసింది అదే, కారు కొనేచోటా, రవాణా శాఖ అభిప్రాయాలు కోరినప్పుడూ.