ఉపసర్పంచ్ అయిన బిడ్డకు

సిరికొండ



మొన్న ఫోన్‌లో నువ్వడిగిన మాటకు అప్పుడే జవాబు చెప్పలేదు. అది ఫోన్‌లో తేలేది కాదు. "మేం తప్పు చేస్తే అడగడానికి ఊళ్లో వీడీసీ ఉంది కదా పెద్దబాపూ, పైన ఇంకా కమిషన్లూ లోకాయుక్తలూ ఎందుకు?" అన్నావు. డిసెంబరులో వార్డు గెలిచి ఉపసర్పంచ్‌వి కూడా అయ్యావు కాబట్టి జర వివరంగానే రాస్తున్నా.

వీడీసీని, అంటే గ్రామాభివృద్ధి కమిటీని, నేను తీసిపారేసేవాణ్ని కాను. నిజామాబాద్ జిల్లాలో పుట్టినవాడెవడూ అట్లా తీసిపారేయలేడు. అంకాపూర్ పేరు విత్తనాలకూ, మక్కలకూ, నాటుకోడి కూరకూ దూరదూరాలకు పాకిందంటే, ఊరంతా ఒక్క కట్టు మీద నిలబడటం కూడా అందులో ఒక కారణం. గుడి, బడి, చెరువు పని, సర్కారు పైసల కోసం చూడకుండా చేసి చూపిన కమిటీలు మా సిరికొండ, భీమ్‌గల్, ఆర్మూర్ వైపు ఎన్నో ఉన్నాయి. మీ బోధన్ వైపూ ఉన్నాయి.

అయితే ఆ పైసలు ఎక్కడివో చూడు. కొన్ని ఊళ్లల్లో బెల్టు షాపుకు వేలం, కల్లుకు వేలం, ఇసుకకు వేలం, ఆఖరికి కోడికూర అమ్మడానికి కూడా వేలం. పాట పాడినవాడే అమ్మాలి. ఇంకొకడు అమ్మితే జుర్మానా. కట్టకపోతే చాటింపు: వాళ్లింటికి ఎవరూ పోవద్దు, వాళ్ల పొలానికి కైకిలి పోవద్దు, కిరాణంలో సామాను ఇయ్యొద్దు. ఈ తీర్పు తప్పని అనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి? మళ్లీ ఆ కమిటీకే. వసూలైన సొమ్ముకు లెక్క ఎవరు చూస్తారు? ఆ కమిటీయే. ఫలానా పనికి ఫలానా శిక్ష అని ముందుగా రాసిపెట్టిన కాగితం ఏదీ ఉండదు. తగాదా వచ్చిన రోజు ఎవరి గొంతు పెద్దదైతే అదే కాయిదా.

మీకు కూతవేటు దూరంలో సాలూర దాటితే మహారాష్ట్ర. సాంఘిక బహిష్కరణను నేరం చేస్తూ అక్కడి అసెంబ్లీ 2016లో చట్టం చేసింది. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జుర్మానా. మన దగ్గర బాధితులు ఎస్సీలో ఎస్టీలో అయితే అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టొచ్చు. బహిష్కరణ తీర్మానం కింద నీ సంతకం అడిగే రోజు రావచ్చు బిడ్డా. ఆ కాగితం ముట్టుకోకు.

సర్పంచ్ పదవినే పాటకు పెట్టిన ఊళ్లు కూడా ఉన్నాయి. పేర్లు రాయను, నీకూ తెలుసు. సొమ్ము గుడికే పోతుంది కదా, ఏకగ్రీవమైతే ఖర్చు తప్పుతుంది కదా అంటారు. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ చదివించుకో. ఓటుకు ఇచ్చేదే కాదు, పోటీ నుంచి తప్పుకోవడానికి ఇచ్చేది కూడా లంచమే. పైగా లక్షలు పెట్టి కుర్చీ కొన్నవాడు ఐదేళ్లలో ఆ లక్షలు ఎక్కణ్నుంచి తీస్తాడు? మోరీ పనిలోంచి, వీధి దీపాల్లోంచి. మీ దగ్గర ఈ ఆశ ఇంకా ఎక్కువ. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ చెరుకు రైతుకూ, కార్మికుడికీ, బండివాడికీ బతుకుదెరువు దొరికింది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్‌లోని ఆ ఫ్యాక్టరీ గేటు మూతపడ్డాక, చిన్న పంచాయతీ కాంట్రాక్టు కూడా నలుగురు కొట్లాడుకునే వస్తువైంది.

ఇక కమిషన్ల సంగతి. స్థానిక సంస్థల నీతిని చూసేందుకు ఒక వ్యవస్థ ఉండాలన్నది కొత్త ముచ్చట కాదు. కేరళలో 2000 సంవత్సరం నుంచి పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. మామూలు మనిషి ఫిర్యాదు ఇస్తే రెండు వైపులా విని, పంచాయతీకి నష్టం జరిగిందని తేలితే కారకుల నుంచి వసూలు చేయిస్తాడు. వీరప్ప మొయిలీ నాయకత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో ఇలాంటిది అన్ని రాష్ట్రాల్లో పెట్టమంది. పదమూడో ఆర్థిక సంఘం దాన్ని పనితీరు గ్రాంటుకు ఒక షరతుగా కూడా పెట్టింది. మనకున్నవి వేరు. 1983 చట్టంతో వచ్చిన లోకాయుక్త, 2018 పంచాయతీరాజ్ చట్టం 37వ సెక్షన్ కింద సర్పంచ్‌నూ ఉపసర్పంచ్‌నూ తీసేసే అధికారమున్న కలెక్టరు, ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ. ఆ తనిఖీ కోసం దేశంలోనే మొదటిసారి 2009లో ఒక ప్రత్యేక సొసైటీ పెట్టింది మన ఉమ్మడి రాష్ట్రమే. మండల ఆఫీసు ముందు షామియానా కింద కూలీలు లేచి మస్టర్ల లెక్క అడగడం చిన్న విషయం కాదు.

ఇవన్నీ తప్పు జరిగాక వచ్చేవే. అమెరికాలో లాస్ ఏంజిలెస్ నగర ప్రజలు 1990లో ఓటేసి ఒక ఎథిక్స్ కమిషన్ పెట్టుకున్నారు. అది జుర్మానాలు వేస్తుంది, నిజమే. నాకు నచ్చింది మాత్రం దాని ఇంకో పని. కౌన్సిల్ సభ్యుడైనా ఉద్యోగి అయినా ఒక పని చెయ్యకముందే "ఇది నేను చెయ్యొచ్చా?" అని రాసి అడగవచ్చు, కమిషన్ రాసి జవాబిస్తుంది. నా లెక్కలో నీతి కమిషన్ అసలు పని ఇదే, శిక్ష తర్వాతి సంగతి. మన ఊళ్లల్లో చాలా తప్పులు దొంగబుద్ధితో మొదలుకావు. అడిగే చోటు లేక, అందరూ చేస్తున్నదే కదా అని మొదలవుతాయి.

పంచాయతీ ట్రాక్టర్ సంగతే తీసుకో. పల్లె ప్రగతి కింద చెత్త ఎత్తడానికి, చెట్లకు నీళ్లు పోయడానికి వచ్చిన బండి అది. కోతల కాలంలో ఒక్కపూట మన వడ్లు కల్లం నుంచి తెచ్చుకుంటే ఏం పోతుంది, డీజిల్ మనమే పోసుకుంటాం కదా అనిపిస్తుంది. అడగడానికి ఒక కమిషన్ ఉంటే ఒక్క ముక్కలో చెప్పేది, వద్దు అని. ఇందిరమ్మ ఇళ్ల జాబితా కూడా అంతే. ఐదు లక్షల సాయం. నీ తోడికోడలు నిజంగా గుడిసెలోనే ఉందనుకో, ఆమెకు రావాల్సిందే. ఆమె పేరు మాటకు వచ్చినప్పుడు మాత్రం నువ్వు లేచి బయటికి వెళ్లు. వెళ్లినట్టు మినిట్స్ పుస్తకంలో రాయించు. మీ మరిది సీసీ రోడ్డు పని అడిగితే, నువ్వు పదవిలో ఉన్నన్నాళ్లూ మన ఊరి పని వద్దని ఇంట్లోనే చెప్పు. కష్టంగానే ఉంటుంది. పండక్కి మాట్లాడరు.

చెక్కు సంగతి మరీ ముఖ్యం. సర్పంచ్‌తో పాటు నీ సంతకం కూడా ఎందుకు పెట్టారనుకున్నావు? ఒకరు తొందరపడితే ఇంకొకరు ఆపుతారని. కొలతల పుస్తకం (ఎంబీ)లో ఇంజినీరు కొలత రాయకుండా, తీర్మానం లేకుండా ఏ బిల్లు మీదా సంతకం చెయ్యకు. సంతకం ఆపి పర్సంటేజీ అడిగే ఉపసర్పంచ్‌లు కూడా ఉన్నారని విన్నా. ఆపితే కారణం రాసి ఆపు, లేకపోతే చేసెయ్యి.

మీ ఆయన మంచివాడే, కాదనను. అయినా ఓట్లు పడ్డది నీకు. మీటింగులో నీ కుర్చీలో ఆయన కూర్చుంటే, పై లెక్కలన్నీ ఎంత బాగున్నా నేను ఒప్పుకోను.

గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని చట్టంలోనే ఉంది. వచ్చే సభలో ట్రాక్టర్ ఎక్కడెక్కడ తిరిగిందో, ఏ పని ఎవరికిచ్చారో, ఎంత చెల్లించారో నువ్వే నిలబడి చదువు. వీడీసీ పెద్దమనుషుల్ని ముందు వరసలోనే కూర్చోబెట్టి, వాళ్ల లెక్క కూడా అక్కడే చదవమని మర్యాదగా అడుగు. తేదీ ఖాయమైతే నాకు ఫోన్ చెయ్యి, పొద్దటి బస్సుకు వస్తా.

మీ పెద్దబాపు